చెవి హోరు శ్రుతి, వినికిడి లోపం: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతం

బయట ఏ చప్పుడూ లేకపోయినా చెవిలోనో తలలోనో శబ్దం వినబడడాన్ని వైద్యులు టిన్నిటస్ అంటారు. వాడుకలో అది చెవి హోరు, చెవి రొద. కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు నుంచి చెవి డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లు "చెవులో గుయ్యిమంటాంది సార్" అనో, "ఈల ఏసినట్టుండాది" అనో, "రేత్రయితే కీచురాయి కూసినట్టు ఒకటే మోత" అనో చెప్పుకుంటారు. ఆ మాటల్లో బాధతో పాటు ఒక సమాచారం కూడా ఉంటుంది. శబ్దం సన్నదా, బొంగురుదా, ఎంత హెచ్చు శ్రుతిలో ఉంది అన్నది రోగి తనకు తెలియకుండానే చెప్పేస్తాడు. ఆ శ్రుతికీ, అదే చెవి పోగొట్టుకున్న వినికిడికీ మధ్య సంబంధం ఈ వ్యాస విషయం.

ఆ సంబంధాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పవచ్చు. చాలామందిలో హోరు శ్రుతి, వినికిడి దెబ్బతిన్న పౌనఃపున్యాల పరిధిలోనే పడుతుంది. ఏ స్వరాలు వినబడడం మానేశాయో దాదాపు ఆ స్వరాల చోటే లోపల మోగుతుంది. హెచ్చు శ్రుతులు వినలేనివాడికి సన్నని ఈల, తగ్గు శ్రుతులు వినలేనివాడికి సముద్రపు ఘోష వంటి మోత. దీనికి మినహాయింపులు ఉన్నాయి, దాని వెనుక తెగని శాస్త్ర చర్చ ఒకటి ఉంది. అయినా చికిత్సకు కూర్చున్న వైద్యుడికి ఇంతకన్నా పనికొచ్చే సూత్రం ఈ జబ్బులో మరొకటి దొరకదు.

హోరు అరుదైన జబ్బు కాదు. 2022లో వెలువడిన ఒక అంతర్జాతీయ సమీక్ష ప్రకారం ప్రపంచంలో పెద్దవాళ్లలో సుమారు 14 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు దీన్ని అనుభవించినవాళ్లే. తీవ్రంగా బాధపడేవాళ్లు సుమారు 2 శాతం.

శ్రుతిని కొలవడం

హోరు రోగికి తప్ప ఎవరికీ వినబడదు. కాబట్టి దాని శ్రుతిని నేరుగా కొలిచే యంత్రం లేదు. చేయగలిగింది పోల్చి చూడడం. వినికిడి పరీక్ష చేసే ఆడియోమీటరుతోనే ఒక్కొక్క స్వరం వినిపిస్తూ, "నీ చెవిలో మోత దీనికన్నా సన్నంగా ఉందా, లావుగా ఉందా?" అని అడుగుతూ రెండు వైపుల నుంచీ దగ్గరికి తెస్తారు. రోగి "ఇదే" అన్న చోట ఆగుతారు. ఒకసారి చేసి వదిలేస్తే లాభం లేదు. మళ్లీ మళ్లీ చేసి, జవాబులు ఒకచోట కుదురుకుంటున్నాయా అని చూడాలి. పది పదిహేను నిమిషాల పని. ఆడియోమీటరు ఉన్న ఏ ఆసుపత్రిలోనైనా అదనపు ఖర్చు లేకుండా చేయవచ్చు. అయినా మన దగ్గర చాలా చీటీల మీద "టిన్నిటస్" అన్న ఒక్క మాట తప్ప శ్రుతి అంకె కనబడదు. ఇది సరిదిద్దుకోవాల్సిన అలవాటు.

ఇలా కొలిచినప్పుడు ఎక్కువమంది హోరు 3000, 8000 హెర్ట్జ్ మధ్య పడుతుంది. ఎంత హెచ్చు శ్రుతో తెలియాలంటే, పియానోలో కుడివైపు చిట్టచివరి మెట్టు పలికే స్వరం 4186 హెర్ట్జ్. అంటే చాలామంది రోగులు పియానో కూడా పలకని ఎత్తులో రాత్రింబవళ్లు ఒక స్వరం వింటూ ఉన్నారు. పొలాల్లో కూసే కీచురాళ్ల శబ్దం సాధారణంగా 4000, 5000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. కాబట్టి పులివెందుల చీనీతోటల రైతు తన హోరును కీచురాయితో పోల్చినప్పుడు అది అలవోకగా అన్న మాటలా ఉన్నా, శ్రుతి విషయంలో చాలా దగ్గరి కొలత.

గట్టితనం సంగతి వేరు. పోల్చి చూస్తే హోరు గట్టితనం, ఆ శ్రుతిలో రోగి కనీసంగా వినగలిగే మట్టం కన్నా సాధారణంగా 5 నుంచి 10 డెసిబెల్స్ మాత్రమే ఎక్కువ ఉంటుంది. అంత చిన్న శబ్దం నిద్ర ఎందుకు చెడగొడుతుందని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. బాధ శబ్దం పరిమాణాన్ని బట్టి రాదు. అది ఎప్పటికీ ఆగకపోవడం, దాన్ని ప్రమాద సంకేతంగా మెదడు పట్టుకోవడం వల్ల వస్తుంది. రోగి అబద్ధం చెప్పడం లేదని కుటుంబానికి చెప్పడం వైద్యుడి మొదటి పనుల్లో ఒకటి.

పోలికలో ఒక చిక్కు ఉంది. హెచ్చు స్వరాలు వినేటప్పుడు మనుషులు స్థాయి పొరబడతారు. మధ్య స్థాయి షడ్జమాన్నీ తార స్థాయి షడ్జమాన్నీ ఒకటే అనుకున్నట్టు, 4000 హెర్ట్జ్ హోరును 8000 హెర్ట్జ్ స్వరంతో సరిపోల్చి "ఇదే" అనేస్తారు. సుమారు 5000 హెర్ట్జ్ దాటాక స్వరభేదం గుర్తించే శక్తి ఎవరికైనా బలహీనపడుతుంది. ఆ పైన రాగం కట్టినా రాగంలా వినబడదు. ఈ స్థాయి దోషం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, కింద చెప్పబోయే చర్చంతా కొంతవరకు దీని మీదే నిలబడి ఉంది.

లోపలి చెవి అమరిక

శ్రుతికీ దెబ్బకీ సంబంధం ఎందుకుండాలో లోపలి చెవి నిర్మాణం చెబుతుంది. చుట్టలు తిరిగిన కాక్లియాలో ఒక పొర మీద రోమకణాలు వరుసగా ఉంటాయి. లోపలి వరుసవి సుమారు 3500, బయటి వరుసలవి సుమారు 12000. హార్మోనియం మెట్ల మాదిరి ఒక్కొక్క చోటు ఒక్కొక్క స్వరానిది. మొదలు దగ్గర హెచ్చు స్వరాలు, కొన దగ్గర తగ్గు స్వరాలు. ఈ పొర మీద శబ్ద తరంగం ఎలా ప్రయాణిస్తుందో చూపినందుకు గేయోర్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ చోటుకీ స్వరానికీ ఉన్న లంకె నాడి గుండా మెదడు వల్కలం దాకా చెడకుండా సాగుతుంది.

రోమకణాలు చనిపోతే తిరిగి పుట్టవు. ఒక చోటి కణాలు పోయినప్పుడు ఆ స్వరానికి కేటాయించిన నాడీ కణాలకు బయటి నుంచి వచ్చే సమాచారం తగ్గిపోతుంది. అవి ఊరుకోవు. అందిన కొద్ది సంకేతాన్ని పెంచుకోవడానికి తమ స్పందనను తామే హెచ్చించుకుంటాయి. దాంతో శబ్దం లేనప్పుడు సహజంగా ఉండే నాడీ కదలిక కూడా హెచ్చి, మెదడుకు అది శబ్దంగా తోస్తుంది. ఏ స్వరపు దారిలో కదలిక హెచ్చిందో ఆ స్వరమే వినబడుతుంది. శ్రవణనాడిని శస్త్రచికిత్సలో కోసిన తర్వాత కూడా చాలామందికి హోరు పోకపోవడం ఇందుకే. దెబ్బ చెవికి తగిలినా మోత మెదడులో పుడుతోంది.

దీన్ని అందంగా నిరూపించిన ప్రయోగం 2012లో రోలాండ్ షెటె, అతని సహచరులు ఇంగ్లండులో చేశారు. చెవులు బాగున్న 18 మంది ఒక చెవిలో వారం రోజులు బిరడా పెట్టుకుని తిరిగారు. వాళ్లలో 14 మందికి లోపల లేని శబ్దాలు వినబడ్డాయి. ఆ శబ్దాల శ్రుతి, బిరడా ఎక్కువగా అడ్డుకున్న హెచ్చు స్వరాల పరిధిలోనే ఉంది. బిరడా తీసేశాక శబ్దాలు పోయాయి. చెవికి ఏ గాయమూ లేదు, అందకుండా పోయిన స్వరాల చోట మెదడు తానే మోత పుట్టించుకుంది. అంతకు ఎంతో ముందు, 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు, వినికిడి బాగున్న 80 మందిని శబ్దం చొరని గదిలో కూర్చోబెడితే 94 శాతం మందికి ఏదో ఒక శబ్దం వినబడింది. నిశ్శబ్దమే హోరుకు నేల. వేసవిలో మిద్దె మీద పడుకున్నప్పుడు, ఊరంతా సద్దుమణిగాక రొద పెరిగిందని రోగులు చెప్పడానికి కారణం ఇదే.

నాపరాళ్ల సీమలో 4000 హెర్ట్జ్

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు రెండూ పెన్న ఒడ్డు ఊళ్లు. వాటికి దగ్గరలో ఎర్రగుంట్ల, నిడిజువ్వి, మైలవరం చుట్టూ భూమిలో పలకలు పలకలుగా ఉన్న సున్నపురాయి దేశమంతటా కడప బండగా పేరుపడింది. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ పొరను నార్జి సున్నపురాయి అంటారు. గనిలో డ్రిల్లు, ఫ్యాక్టరీలో కటింగ్ మిషను, పాలిష్ మిషను ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆగవు. అదే రాయి మీద ఆధారపడి ఎర్రగుంట్ల, చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. ముద్దనూరు దగ్గర 1994లో మొదటి యూనిట్ మొదలైన రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో టర్బైన్లు, బొగ్గు మిల్లులు ఉన్నాయి. పులివెందుల వైపు వేముల ముగ్గురాయి గనులు, ఒకప్పటి రాతినార గనులు, తుమ్మలపల్లె యురేనియం గని. వీటన్నిటికీ తోడు, నీళ్ల కోసం వందల అడుగులు తవ్వే బోరు బండ్లు. ఒక జిల్లాలో ఇన్ని రకాల రాతి మోత ఒక్కచోట చేరడం తక్కువ.

రాయి కోసే చక్రం, రాతి డ్రిల్లు దగ్గర శబ్దం 90 డెసిబెల్స్ దాటడం ప్రపంచంలో ఎక్కడైనా మామూలే. ఇలాంటి మోత రకరకాల స్వరాల కలగలుపుగా ఉన్నా, అది చెవిని కొట్టేది మాత్రం ఒక నిర్ణీతమైన చోట. మనిషి చెవి గొట్టం 3000 హెర్ట్జ్ దరిదాపు శబ్దాన్ని తన ఆకారం వల్లే పెంచి లోపలికి పంపుతుంది. ఎక్కువ శబ్దం వచ్చినప్పుడు కాక్లియాలో దెబ్బ ఆ స్వరం కన్నా సుమారు అర స్థాయి పైన పడుతుంది. రెండూ కలిసి గాయం 4000 హెర్ట్జ్ చుట్టూ, 3000 నుంచి 6000 లోపల స్థిరపడుతుంది. వినికిడి పరీక్ష ఫలితాన్ని చూపే ఆడియోగ్రామ్ గీతలో అక్కడ ఒక గుంత కనబడుతుంది. 8000 దగ్గర గీత మళ్లీ కొంత లేస్తుంది. ఆ గుంతను చూసి రోగి వృత్తిని ఊహించవచ్చు. వయసు వల్ల వచ్చే లోపంలో ఇలా లేవదు, హెచ్చు స్వరాల వైపు గీత దిగుతూనే పోతుంది.

బాధితుడికి మాత్రం వినికిడి పోయిందని తెలియదు. ఈ సంగతి మీద కాస్త ఆగాలి. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చులతో ముగుస్తాయి. అచ్చుల బలమంతా తగ్గు స్వరాల్లో ఉంటుంది. స, శ, ష, చ వంటి హల్లుల పదును మాత్రం 4000 హెర్ట్జ్ చుట్టూ, ఆ పైన ఉంటుంది. అవి కొంత మాసిపోయినా వాక్యం అర్థమవుతూనే ఉంటుంది. పాత టెలిఫోను వ్యవస్థ మోసుకుపోయే స్వరాలు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే కాబట్టి అందులోనూ తేడా తెలియదు. అందుకే పాలిష్ ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషిని వినబడుతోందా అని అడిగితే "బాగనే ఇనపడతాది, మోతే పోవడంల్యా" అంటాడు. అతని మాట అబద్ధం కాదు. చెవుడు తెలియకముందే హోరు తెలుస్తుంది. ఆ హోరు శ్రుతి పోల్చి చూస్తే 4000, 6000 మధ్య ఎక్కడో దొరుకుతుంది, ఆడియోగ్రామ్ తీస్తే గుంత అక్కడే ఉంటుంది. రోగి తెచ్చిన ఫిర్యాదే ఆ గుంత ఎక్కడుందో ముందుగా చెప్పేసింది.

కాలక్రమంలో గుంత వెడల్పవుతుంది. 3000 వైపు, 2000 వైపు పాకినప్పుడు మాటలు అందడం మానేస్తాయి. పెళ్లిలో, సంతలో, పది మంది మాట్లాడుతున్న చోట ముందు తెలుస్తుంది. మొదట హోరు ఒక్కటే ఉన్న రోజుల్లోనే పరీక్ష చేసి, చెవులకు రక్షణ ఇచ్చి ఉంటే ఆ రెండో దశను చాలావరకు ఆపవచ్చు. అందుకే రాతి పనివాళ్లలో హోరును జబ్బుగా కన్నా ముందస్తు హెచ్చరికగా చూడడం మేలు.

వృత్తికీ చెవికీ ఉన్న ఈ లంకె కొత్తగా కనుక్కున్నది కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్దీనో రమజ్జినీ 18వ శతాబ్దం మొదట్లోనే, వెనిస్‌లో రోజంతా రాగి రేకులు కొట్టే పనివాళ్లు చెవిటివాళ్లవుతున్నారని తన వృత్తి వ్యాధుల గ్రంథంలో రాశాడు.

అంచు దగ్గరా, గుంత అడుగునా?

హోరు శ్రుతి దెబ్బతిన్న పరిధిలో ఉంటుందన్నారు. ఆ పరిధిలో సరిగ్గా ఎక్కడ? గత రెండు దశాబ్దాల పరిశోధనలో ఎక్కువ వాదన ఈ ప్రశ్న మీద జరిగింది.

ఒక పక్షం, వినికిడి బాగున్న స్వరాలకీ పోయిన స్వరాలకీ మధ్య ఉన్న అంచు దగ్గర హోరు ఉండాలంటుంది. నాడీకణాలు పక్కవాటిని అదుపు చేస్తూ ఉంటాయి. దెబ్బతిన్న వైపు నుంచి ఆ అదుపు అందనప్పుడు అంచున ఉన్న కణాలు రెచ్చిపోతాయి. పైగా పనిలేకుండా పోయిన మెదడు భాగాన్ని అంచు స్వరాలు ఆక్రమించుకుంటాయన్న ఊహ కూడా ఉండేది. 1998లో జర్మనీలోని కాన్‌స్టాన్స్ బృందం మెదడు వల్కలంలో స్వరాల పటం చెదిరిపోయినట్టు చూపింది. కాలు తీసేసినవాళ్లకు లేని కాలు నొప్పి పుట్టడంతో దీన్ని పోల్చారు.

మరో పక్షం, వినికిడి ఎక్కడ ఎక్కువగా పోయిందో ఆ లోతు దగ్గరే హోరు ఉంటుందంటుంది. ఫ్రాన్సులో ఆర్నో నొరేన్యా బృందం 2002లో, కెనడాలో లారీ రాబర్ట్స్ బృందం ఆ తర్వాత, ఒక్క స్వరాన్ని ఎంచమనడానికి బదులు ఒక్కొక్క స్వరమూ నీ హోరులో ఎంత భాగమో చెప్పమని రోగులను అడిగారు. వచ్చిన గీత ఆడియోగ్రామ్‌ను తలకిందులు చేసినట్టు ఉంది. వినికిడి పోవడం మొదలైన చోటి నుంచి హోరు మొదలై, లోపం పెరిగే కొద్దీ పెరిగింది. 2012లో జర్మనీ నుంచి షెక్ల్‌మన్ బృందం పెద్ద సంఖ్యలో రోగుల మీద చేసిన విశ్లేషణలోనూ శ్రుతి, అత్యధిక లోపమున్న పౌనఃపున్యంతోనే ఎక్కువ కలిసింది, అంచుతో కలవలేదు. ఇంగ్లండులో మాగ్దలీనా సెరెడా బృందం 2011లో చూసినప్పుడు కూడా శ్రుతి లోపమున్న పరిధిలో పడింది గానీ అంచును అంటుకోలేదు.

అయినా అంచు వాదాన్ని తోసేయనివ్వనిది, కేంబ్రిడ్జికి చెందిన బ్రయన్ మూర్, భారతీయ పరిశోధకులు వినయ్, సంధ్య కలిసి 2010లో ప్రచురించిన అధ్యయనం. వాళ్లు తీసుకున్నది 11 మందినే. అందరికీ ఒకే స్వరంగా వినబడే హోరు, స్వల్పం నుంచి మధ్యస్థం దాకా వినికిడి లోపం. పరీక్షకు ముందు వాళ్లకు స్థాయి పొరబడకుండా ప్రత్యేక శిక్షణ ఇచ్చారు. శిక్షణ తర్వాత రోగులు ఎంచుకున్న శ్రుతులు అంతకు ముందు ఎంచుకున్నవాటికన్నా ఒకటి రెండు స్థాయిలు కిందికి దిగాయి. అప్పుడు చూస్తే శ్రుతికీ అంచుకూ సహసంబంధం 0.94. ఇంత గట్టి సంఖ్య ఈ రంగంలో అరుదు.

ఈ రెండింటినీ ఎలా సమన్వయం చేయాలి? ఒకే స్వరంగా వినబడే హోరు వేరు, బుస కొట్టినట్టు, ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు వెడల్పుగా వినబడే హోరు వేరు. రెండోదానికి ఒక శ్రుతి అడగడమే కష్టం, అది లోపమున్న పరిధి అంతటా పరుచుకుని ఉంటుంది. అందుకే సెరెడా బృందం 2015లో సన్నని పరిధి హోరు ఉన్నవాళ్లను మాత్రమే విడిగా చూసింది. అప్పుడూ అంచుతో సంబంధం దొరకలేదు. మరోవైపు 2012లో నెదర్లాండ్స్ బృందం మెదడు చిత్రాల్లో, స్వరాల పటం పెద్దగా చెదరకుండానే హోరు ఉండవచ్చని చూపింది. ఆధారాలన్నీ తూచితే ఇప్పటికి లోపమున్న పరిధి వాదమే బరువుగా ఉంది. మూర్ బృందం ఫలితం 11 మంది మీదదే అయినా దాన్ని పక్కన పెట్టలేము. శిక్షణ ఇవ్వకుండా తీసుకున్న శ్రుతి అంకెలు ఎంతవరకు నమ్మదగినవన్న ప్రశ్నను అది అందరి ముందూ పెట్టింది. హోరు శ్రుతి రాసేటప్పుడు ఒక స్థాయి కింద, ఒక స్థాయి పైన స్వరాలు కూడా వినిపించి ఖాయం చేసుకోవడం ఆ పాఠం నుంచి వచ్చిన మంచి పద్ధతి.

ఆడియోగ్రామ్ మామూలుగా ఉంటే

హోరు ఉండి, ఆడియోగ్రామ్ మాత్రం చక్కగా ఉన్నవాళ్లు కొందరు ఉంటారు. వాళ్లను "నీకేమీ లేదు, ఊరికే ఆలోచించొద్దు" అని పంపేయడం అన్యాయం. సాధారణ పరీక్ష 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకే జరుగుతుంది. మనిషి చెవి యవ్వనంలో దాదాపు 20000 వరకు వింటుంది. ఆ పై భాగంలో లోపం ఉంటే మామూలు ఆడియోగ్రామ్‌లో కనబడదు. కొన్నిచోట్ల 3000, 6000 కూడా వదిలేసి 2000 నుంచి 4000కు, అక్కడి నుంచి 8000కు దూకేస్తారు. గుంత 6000 దగ్గర ఉంటే ఆ దూకుడులో అది జారిపోతుంది.

మరో కారణం ఇంకా లోతైనది. 2009లో షారన్ కుజావా, చార్లెస్ లిబర్మన్ ఎలుకల మీద చేసిన పరిశోధనలో, పెద్ద శబ్దం తర్వాత వినికిడి మట్టం పూర్తిగా కోలుకున్నా రోమకణానికీ నాడికీ మధ్య ఉండే సంధులు శాశ్వతంగా పోయినట్టు తేలింది. 2011లో షెటె, డేవిడ్ మెక్‌ఆల్పైన్, ఆడియోగ్రామ్ మామూలుగా ఉండి హోరుతో బాధపడే మనుషుల్లో శ్రవణనాడి స్పందన బలహీనంగా ఉన్నట్టు చూపారు. దీనికి దాగిన వినికిడి లోపం అని పేరు పడింది. ఉత్సవాల్లో డీజే బాక్సుల ముందు గంటల తరబడి నిలబడి, మరునాటికి చెవులు తేలికపడ్డాయని సంతోషించే కుర్రాళ్ల విషయంలో ఈ పరిశోధన మనసులో పెట్టుకోవాలి.

బొంగురు హోరు

తగ్గు శ్రుతి హోరుకు కారణాల జాబితా వేరు. గులిమి గట్టిపడి గొట్టం మూసుకుపోయినా, కర్ణభేరికి రంధ్రం పడి చీము కారుతున్నా, మధ్యచెవిలో ఎముక బిగుసుకుపోయే ఓటోస్క్లెరోసిస్ వచ్చినా తగ్గు స్వరాలు ముందు పోతాయి, హోరు కూడా బొంగురుగా ఉంటుంది. ప్రాస్పర్ మెనియేర్ 1861లో వర్ణించిన జబ్బులో తల తిరుగుడు, తగ్గు స్వరాల లోపం, గాలి హోరెత్తినట్టు మోత కలిసి వస్తాయి. వీటిలో చాలావాటికి సూటిగా వైద్యం ఉంది. గులిమి తీస్తే ఆ క్షణమే మోత పోయినవాళ్లు ఉన్నారు. చెవిలో కాగిన నూనె, వెల్లుల్లి రసం పోయడం, పిన్నీసుతో కెలకడం వల్ల మాత్రం మామూలు చెవి చీము చెవి అవుతుంది.

శ్రుతిని బట్టి హోరును వేరుచేయడం మన వైద్యంలో పాతదే. ఆయుర్వేదం 28 చెవి రోగాల్లో కర్ణనాదాన్నీ కర్ణక్ష్వేడాన్నీ విడివిడిగా లెక్కించింది. భేరి, మృదంగం, శంఖం వంటి మోత మొదటిది, వేణువు వంటి సన్నని నాదం రెండోది. కారణాలు వాతపిత్తాల భాషలో చెప్పినా, ఆ రెంటినీ ఒకే గాటన కట్టకూడదన్న గమనింపు నేటి ఆడియోగ్రామ్ ముందు కూడా నిలుస్తుంది.

మందుల వల్ల వచ్చే హోరు చాలావరకు సన్నగానే ఉంటుంది. స్ట్రెప్టోమైసిన్, అమికాసిన్, కనామైసిన్ సూదులు, కేన్సరుకు ఇచ్చే సిస్‌ప్లాటిన్ కాక్లియా మొదలు నుంచి, అంటే హెచ్చు స్వరాల నుంచి దెబ్బతీస్తూ కిందికి వస్తాయి. మొండి క్షయకు ఏళ్ల కిందట నెలల తరబడి సూదులు వేసుకున్నవాళ్లు ఈ మూడు ఊళ్లలోనూ ఉంటారు. ఆ చరిత్ర అడగకుండా హోరుకు కారణం రాయకూడదు.

రెండు సందర్భాల్లో శ్రుతి పోల్చుకుంటూ కూర్చోకూడదు. మూడు రోజుల్లోపల ఉన్నట్టుండి ఒక చెవి వినికిడి పడిపోయి హోరు మొదలైతే అది అత్యవసరం. స్టెరాయిడ్ ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది, రెండు వారాలు దాటితే ఆశ తగ్గుతుంది. ఒక్క చెవిలోనే హోరు, ఆ చెవిలోనే లోపం క్రమంగా పెరుగుతుంటే శ్రవణనాడి మీద గడ్డ లేదని ఎమ్మారైతో తేల్చుకోవాలి. నాడి కొట్టుకున్నట్టు లయగా వినబడే హోరు రక్తనాళాలకు సంబంధించినది కావచ్చు, దానికి దారి వేరు.

వైద్యంలో శ్రుతి అక్కర

హోరును పూర్తిగా తీసేసే మందు ఇప్పటికి లేదు. టీవీలో, గోడల మీద ప్రకటించే చుక్కల మందులకు, బిళ్లలకు డబ్బు పోయడం కన్నా అదే డబ్బుతో మంచి వినికిడి యంత్రం కొనడం మేలు. అందని స్వరాలను యంత్రం అందించినప్పుడు మెదడుకు తనకు తాను మోత పుట్టించుకునే అవసరం తగ్గుతుంది. ఇక్కడ శ్రుతి నేరుగా పనికి వస్తుంది. 2010లో షెటె బృందం, 2012లో మెక్‌నీల్ బృందం చేసిన అధ్యయనాల్లో, హోరు శ్రుతి యంత్రం పెంచగలిగే పరిధి లోపల ఉన్నవాళ్లకే ఎక్కువ ఉపశమనం కనిపించింది. షెటె బృందం చూసినవాళ్లలో శ్రుతి 6000 హెర్ట్జ్ కన్నా తక్కువ ఉన్నవాళ్లు బాగుపడ్డారు. చవక యంత్రాలు 4000, 5000 దాటాక చేతులెత్తేస్తాయి. 4000 హోరు ఉన్న రాతి పనివాడికి సాధారణ యంత్రం పనిచేయవచ్చు, 8000 హోరు ఉన్నవాడికి అదే యంత్రం ఇచ్చి బాగుపడలేదని నిందిస్తే లాభం లేదు. యంత్రం కొనేముందు శ్రుతి తెలుసుకోవాలనడం ఇందుకే.

హోరు శ్రుతికి దగ్గరి స్వరాల శబ్దాన్ని నిమిషం పాటు వినిపించి ఆపితే, చాలామందికి కొన్ని క్షణాలు హోరు అణిగిపోతుంది. దీన్ని జర్మనీకి చెందిన ఫెల్డ్‌మన్ 1971లో వివరంగా వర్ణించాడు. అణిగేది కొద్దిసేపే అయినా ఆ మోత తగ్గగలదన్న నమ్మకం రోగికి కలుగుతుంది. 2010లో జర్మన్ పరిశోధకులు ఇందుకు ఎదురు దారి పట్టి, రోగి ఇష్టపడే పాటల్లోంచి అతని హోరు శ్రుతి దగ్గరి స్వరాలను తీసేసి నెలల తరబడి వినిపించారు. మొదటి ఫలితాలు ఆశ కలిగించినా తర్వాతి అధ్యయనాలన్నీ దాన్ని బలపరచలేదు. బాధను తగ్గించడంలో ఎక్కువ రుజువున్నది మనసుకు సంబంధించిన చికిత్స, అంటే హోరు పట్ల భయాన్నీ ఆలోచననూ మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. రాత్రి ఫ్యాను శబ్దమో, తక్కువ గొంతులో రేడియోనో ఉంచుకోవడం ఖర్చులేని ఉపాయం.

పరీక్షకు, చికిత్సకు వెళ్లాలంటే ప్రొద్దుటూరులో జిల్లా ఆసుపత్రి, కడపలో 2006లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. జమ్మలమడుగులో లండన్ మిషన్ కాలం నాటి క్యాంప్‌బెల్ ఆసుపత్రి పేరు పాతతరం వాళ్లందరికీ తెలుసు. లోతైన పరీక్షలకు మైసూరులో 1965లో స్థాపించిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, సికిందరాబాదులోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం దక్షిణాదిలో పెద్ద దిక్కు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, పుట్టు చెవుడున్న చిన్నపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఖరీదును భరించింది. పెద్దవాళ్లలో కూడా ఆ ఇంప్లాంట్ వల్ల హోరు తగ్గుతుందని చాలా చోట్ల గమనించారు.

లెక్కలోకి రాని లోపం

ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలు శబ్దం వల్ల వచ్చే చెవుడును నోటిఫై చేయాల్సిన వృత్తి వ్యాధిగా చేర్చింది. దాని నమూనా నిబంధనలు 8 గంటలకు 90 డెసిబెల్స్ దాకా ఒప్పుకున్నాయి, 100 డెసిబెల్స్ మోతలో 2 గంటలు ఉండనిచ్చాయి. అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ సిఫార్సు 8 గంటలకు 85 డెసిబెల్స్. దాని లెక్కలో 100 డెసిబెల్స్ దగ్గర నిలబడదగింది 15 నిమిషాలే. పది ఇరవై మందితో నడిచే పాలిష్ యూనిట్లలో ఈ రెండు లెక్కల్లో ఏదైనా అమలు కావాలంటే యజమాని చేతిలో చెవి మఫ్లు, ఏడాదికోసారి ఆడియోగ్రామ్ ఉండాలి.

వైకల్య ధ్రువపత్రం కోసం సదరం శిబిరానికి వెళ్లిన రాతి పనివాడికి ఎదురయ్యే చిక్కు ఇంకొకటి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం వినికిడి లోపం లెక్కలోకి రావాలంటే రెండు చెవుల్లోనూ మాటల పౌనఃపున్యాల్లో కనీసం 60 డెసిబెల్స్ లోపం ఉండాలి. లెక్క కట్టేది 500, 1000, 2000, 4000 హెర్ట్జ్ దగ్గరి మట్టాల సగటు. ఒకడికి ఆ నాలుగు చోట్లా వరుసగా 15, 15, 20, 60 ఉన్నాయనుకుందాం. సగటు 27.5. చట్టం దృష్టిలో అతను బాగా వినగలిగినవాడు. 6000 దగ్గర 70 ఉన్నా అది లెక్కలో లేదు. హోరు అసలు ఏ గడిలోనూ లేదు. అలాంటి మనిషికి పింఛను రాకపోయినా, చీటీ మీద 3000, 6000 హెర్ట్జ్ మట్టాలు, రెండు చెవుల హోరు శ్రుతి, చేసే పని, చేసిన ఏళ్లు రాసి ఇవ్వడం ఏ ఆసుపత్రిలోనైనా సాధ్యం. రేపు నష్టపరిహారం అడగాలన్నా, యంత్రం ఎంచుకోవాలన్నా, గుంత వెడల్పవుతోందా లేదా అని వచ్చే ఏడాది పోల్చాలన్నా ఆ కాగితమే ఆధారం.